పాత జీపుకు కారవాన్ తగిలిస్తే: లాగడం ఒక ఎత్తు, ఆపడం మరో ఎత్తు

రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర వచ్చిందంటే వరంగల్ నుంచి ములుగు మీదుగా వెళ్లే దారంతా బండ్లతో నిండిపోతుంది. ఒకప్పుడు బియ్యం, గిన్నెలు, కోళ్లు ఎడ్లబండిలో వేసుకుని వెళ్లి, అడవిలో గుడారం వేసుకుని, మొక్కులు తీర్చుకుని నాలుగో రోజున తిరిగొచ్చేవారు. తరువాత ఆ పనిని ట్రాక్టర్ ట్రాలీలు అందుకున్నాయి. ఇప్పుడు కొత్త ఆలోచన ఒకటి వినిపిస్తోంది. ఇంటి ముందు పాత జీపు ఉంది, దాని వెనుక పడుకోవడానికీ వండుకోవడానికీ వీలుండే చిన్న కారవాన్ ఒకటి తగిలించుకుంటే జాతరకే కాదు, లక్నవరం చెరువుకూ బొగత జలపాతానికీ కూడా అదే ఇల్లవుతుంది కదా అని. ఆస్ట్రేలియావాళ్లు పాత ల్యాండ్ క్రూయిజర్ల వెనుక పెద్దపెద్ద గదులను ఈడ్చుకుపోయే వీడియోలు చూసినవారికి ఇందులో కష్టమేమీ కనబడదు. ట్రాక్టర్ ఐదారు టన్నుల వడ్లను లాగుతున్నప్పుడు జీపు ఏడువందల కిలోల గదిని లాగలేదా అని అడిగేవారూ ఉన్నారు.

లాగుతుంది, అందులో పెద్ద సందేహం లేదు. అయితే ఈ విషయంలో చిక్కులన్నీ లాగడం దగ్గర కాక, ఆపడం దగ్గర, తిన్నగా నడపడం దగ్గర, పాతబడిన ఇనుము దగ్గర, చివరికి కాగితాల దగ్గర వచ్చి పడతాయి.

ఏ కారవాన్, ఏ జీపు

తెలుగునాట కారవాన్ అనగానే షూటింగ్ దగ్గర హీరో విశ్రాంతి తీసుకునే ఏసీ బండి గుర్తుకొస్తుంది. అది సొంత ఇంజన్‌తో నడిచే మోటార్ కారవాన్. ఇక్కడ మాట్లాడుకునేది ఇంజన్ లేకుండా మరో బండి వెనుక కొండికి తగులుకుని వచ్చే ట్రైలర్ కారవాన్ గురించి. ఇద్దరు పడుకునే నీటిబొట్టు ఆకారపు చిన్న రకం 400 నుంచి 700 కిలోల దాకా ఉంటుంది. యూరప్‌లో ఒక కుటుంబానికి సరిపడేది 1,200 నుంచి 1,500 కిలోలు తూగుతుంది. ఆస్ట్రేలియాలో రెండు ఇరుసులవి 2,500 కిలోలు దాటడం కూడా మామూలే. వీడియోలో మూడూ ఒకేలా కదులుతున్నట్టు కనిపిస్తాయి కాబట్టి అసలు పోలిక అక్కడే దెబ్బతింటుంది.

పాత జీపులన్నీ కూడా ఒకటి కావు. 2010లో వచ్చిన థార్ డీఐ డీజిల్ ఇంజన్ 63 హార్స్‌పవర్ ఇచ్చేది. దాని టార్క్, అంటే తిప్పే బలం, 182.5 న్యూటన్ మీటర్లు, అదీ ఇంజన్ నిమిషానికి 1,500 నుంచి 1,800 చుట్లు (ఆర్‌పీఎం) తిరుగుతున్నప్పుడే అందేది. 1.3 లీటర్ల పెట్రోల్ జిప్సీకి 80 హార్స్‌పవర్ ఉన్నా, దాని టార్క్ 103 న్యూటన్ మీటర్లే, పైగా అది 4,500 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది. లెక్క కడితే 1,600 ఆర్‌పీఎం దగ్గర థార్ డీఐ సుమారు 41 హార్స్‌పవర్ ఇస్తుంటే, జిప్సీ 23 కూడా దాటదు. అందుకే బరువుతో ఎత్తు మీద కదలాలంటే జిప్సీని గట్టిగా రేజ్ చేయాలి, క్లచ్‌ను కాల్చుకోవాలి. కాగితం మీద ఎక్కువ హార్స్‌పవర్ ఉన్న బండే లాగడానికి బలహీనంగా అనిపించడంలో వింతేమీ లేదు.

నాలుగు బరువులు, ఒక్కొక్కటి ఒక్కో హద్దు

ఈ చర్చలో తరచుగా కలగాపులగమయ్యేవి బరువుల పేర్లే. మనుషులు, సామాను లేని ఖాళీ జీపు బరువు మొదటిది; ఆర్‌సీలో అన్‌లాడెన్ వెయిట్ అని ఉండేది దాదాపు ఇదే. జీపు తన చక్రాల మీద మొత్తంగా మోయదగినది స్థూల బరువు. సామానుతో సహా ట్రైలర్ తూగేది మూడవది. జీపు, ట్రైలర్ రెండూ కలిసి దాటకూడనిది జంట బరువు. వీటికి తోడు, ట్రైలర్ ముందు భాగం కొండి మీద మోపే బరువు ఒకటుంది. దానిని ఇక్కడ ముక్కు బరువు అందాం. చిత్రమేమిటంటే, ముక్కు బరువు ట్రైలర్‌దే అయినా దానిని మోసేది జీపు కాబట్టి జీపు ఖాతాలోనే లెక్కించాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఖాళీ జీపు 1,400 కిలోలు, మనుషులు, సామాను కలిపి 300, కొండి బిగించే ఇనుప చట్రం 30, ముక్కు బరువు 70 అనుకుంటే మొత్తం 1,800 అవుతుంది. జీపు స్థూల బరువు 1,900 అయితే ఇంకా వంద కిలోల వెసులుబాటు మాత్రమే ఉంది. మరో ఇద్దరు ఎక్కితే అదీ లేదు. ట్రైలర్ చిన్నదే, కొండి మీద 1,500 కిలోలని ముద్ర వేసి ఉంది, ఇంజన్‌లో బలమూ ఉంది, అయినా హద్దు ముందుగా తగిలింది జీపు స్థూల బరువు దగ్గర. వీటిలో అన్నిటికన్నా చిన్న హద్దే మొత్తం జంటకు హద్దు అవుతుంది.

విదేశీ బండ్ల పుస్తకాల్లో ఈ అంకెలు స్పష్టంగా ఉంటాయి. బ్రిటన్‌లో పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్‌కు బ్రేకులున్న ట్రైలర్ అయితే 3,500 కిలోల వరకు, బ్రేకులు లేనిదైతే 750 కిలోల వరకు అని రాసి ఉంటుంది. ఒకే బండికి ఇంత తేడా ఎందుకో గమనించదగ్గది. మన పాత జీపుల కాగితాల్లో లాగే బరువు అన్న గడి తరచుగా కనబడదు. గడి లేనప్పుడు హద్దు కూడా లేదనుకోవడమే ఇక్కడ సాధారణంగా జరిగే పొరపాటు.

ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ మీద పడే భారం

మనుషులతో కలిపి జీపు 1,700, ట్రైలర్ 700, జంట 2,400 కిలోలు అనుకుందాం. మైదాన ప్రాంతపు రోడ్లకు సాధారణంగా ముప్పై మీటర్లకు ఒక మీటరుకు మించని ఎత్తు పెడతారు. నిర్మల్ దగ్గరి మహబూబ్ ఘాట్ లాంటి మలుపుల దారిలో అంతకన్నా నిటారుగా ఉంటుంది కాబట్టి వంద మీటర్లకు ఆరు మీటర్ల ఎత్తు తీసుకుని లెక్కిద్దాం. ఎత్తు వల్ల వెనక్కు లాగే బలం 2,400లో ఆరు శాతం, అంటే 144 కిలోలు. టైర్లు దొర్లడంలో పోయేది ఒకటిన్నర శాతం, 36 కిలోలు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో గాలిని చీల్చడానికి సుమారు 30 కిలోలు. మొత్తం 210. ఆ వేగంతో ఆ బరువును లాగడానికి చక్రాల దగ్గర 47 హార్స్‌పవర్ కావాలి. గేర్లలో, ఇరుసుల్లో పదిహేను శాతం పోతుందనుకుంటే ఇంజన్ దగ్గర 55 కావాలి.

కొత్తగా ఉన్నప్పుడు, అదీ 3,200 ఆర్‌పీఎం దగ్గర, 63 ఇచ్చిన ఇంజన్ పదిహేనేళ్ల తరువాత 55 ఇస్తుందని పూచీ ఎవరూ ఇవ్వలేరు. ఇదే లెక్కను 40 కిలోమీటర్ల వేగానికి వేస్తే 34 హార్స్‌పవర్ చాలు. అంటే జీపు ఆ ఘాటు ఎక్కలేదని కాదు, వెనుకవారు హారన్ కొడుతున్నా రెండో గేరులో, మూడో గేరులో తన వేగంతో తాను ఎక్కుతుంది. అసలు సమస్య రేడియేటర్‌ది. రామగుండం ఎండలో, నెమ్మదిగా పోతూ గాలి తగలక, ఇంజన్ పూర్తి బలంతో పనిచేస్తున్నప్పుడు పూడుకుపోయిన పాత రేడియేటర్ తన లోపాన్ని బయటపెడుతుంది. రోజూ ఖాళీగా తిరిగేటప్పుడు అది ఎవరికీ తెలియదు.

ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది కదా అని చాలామంది ధైర్యంగా ఉంటారు. తడి మట్టిలో, ఏటి ఇసుకలో అది నిజంగానే మేలు చేస్తుంది. పాత జీపుల్లో మాత్రం ముందు, వెనుక ఇరుసులు ఒకే వేగంతో తిరిగేలా బిగిసిపోతాయి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి కాబట్టి ఎండిన తారు రోడ్డు మీద గేర్లు, జాయింట్లు నలిగిపోతాయి. ఘాటు రోడ్డు మీద అది సాయం కాదు.

ఆపడం, దిగడం

వడ్ల ట్రాలీతో వాగు గడ్డ దిగిన ట్రాక్టర్ డ్రైవర్‌కు ఈ విభాగం చదవాల్సిన అవసరం లేదు. చాలా ట్రాలీలకు బ్రేకులుండవు. దిగుడులో ట్రాలీయే ట్రాక్టర్‌ను తోస్తుంది. అయినా అక్కడ నెట్టుకొస్తున్నది ఎందుకంటే ట్రాక్టర్ వేగం తక్కువ, వెనుక చక్రాలు పెద్దవి, కొండి నేలకు దగ్గరగా ఉంటుంది. అదే ఏర్పాటును 60 కిలోమీటర్ల వేగానికి తెస్తే లెక్క మారిపోతుంది.

జీపు ఒక్కటే 60లో వస్తూ బ్రేకు పడినచోటి నుంచి 25 మీటర్లలో ఆగుతుందనుకుందాం. బ్రేకులు లేని 700 కిలోల ట్రైలర్ చేరితే, ఆపే బలం అంతే ఉండి బరువు పెరిగింది కాబట్టి దూరం 35 మీటర్లు అవుతుంది. డ్రైవర్ చూసి కాలు వేయడానికి పట్టే ఒక్క సెకనులో పోయే 17 మీటర్లు దీనికి అదనం. మేడారం దారిలో పస్రా దాటాక రోడ్డుకు అడ్డంగా బర్రె వచ్చినప్పుడు ఈ పది మీటర్ల తేడాకే విలువ.

దిగుడులో జరిగేది వేడికి సంబంధించినది. 2,400 కిలోల జంట వంద మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగితే, పుట్టే శక్తి ఎనిమిది లీటర్ల మామూలు నీళ్లను మరిగించేంత. అందులో కొంత గాలికి, కొంత ఇంజన్‌కు పోతుంది. డ్రైవర్ న్యూట్రల్‌లో పెట్టి వస్తుంటే దాదాపు మిగిలినదంతా బ్రేకు డ్రమ్ముల్లోకి వెళుతుంది. డ్రమ్ము కాగినకొద్దీ పట్టు తగ్గుతుంది, పెడల్ మెత్తబడుతుంది. ఎక్కిన గేరులోనే దిగాలని లారీ డ్రైవర్లు చెప్పే మాటకు మూలం ఇదే.

అందుకే చాలా దేశాల్లో 750 కిలోలు ఒక గీతలా మారింది: అంతకు మించిన ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉండి తీరాలి. వీటిలో ఓవర్‌రన్ రకం జీపు నెమ్మదించినప్పుడు ట్రైలర్ ముందుకు తోసే తోపుతోనే పడుతుంది. కరెంటు రకం జీపు లోపలి పెట్టె ఆజ్ఞతో పడుతుంది. బ్రిటన్‌లో బ్రేకులు లేని ట్రైలర్‌కు మరో షరతు కూడా ఉంది: అది జీపు ఖాళీ బరువులో సగాన్ని మించకూడదు. మన ఉదాహరణలోని 700 కిలోల ట్రైలర్, 1,400 కిలోల జీపు సరిగ్గా ఆ గీత మీద నిలబడ్డాయి. నా మటుకు నాకు, గీత మీద ఉండటమంటే లోపల ఉన్నట్టు కాదు.

ఎడ్లబండి నేర్పిన తూకం

ఎడ్లబండికి గడ్డి, బస్తాలు ఎత్తినవారికి ముక్కు బరువు గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. వెనుక బరువెక్కువైతే కాడి పైకి లేచి ఎడ్ల గొంతుకు పలుపు బిగుసుకుంటుంది. ముందు ఎక్కువైతే మెడలు కుంగుతాయి. ఇరుసుకు కాస్త ముందు బరువు ఉండేలా సర్దినప్పుడే బండి హాయిగా నడుస్తుంది. ఒక ఇరుసు కారవాన్ అచ్చంగా ఆ బండే, ఎడ్ల స్థానంలో టో బాల్, అంటే జీపు కొండి మీది ఇనుప గుండు, ఉంది, అంతే.

వెనుక బరువైన కారవాన్ వేగం పెరిగేకొద్దీ పాము నడకలా అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. తక్కువ వేగంలో ఆ ఊపు తనంతట తాను చల్లారుతుంది. ఒక వేగం దాటాక ప్రతి ఊపూ ముందుదానికన్నా పెద్దదవుతుంది. ఆ వేగం ఎంతన్నది బరువు ఎక్కడ ఉంది, జీపు ఎంత పొడవు, టైర్లలో గాలి ఎంత అన్నదాన్ని బట్టి ఉంటుంది. ములుగు రోడ్డు మీద గోదావరి ఇసుక లారీ రివ్వున దాటిపోయినప్పుడు వచ్చే గాలి తోపు చాలు, మొదటి ఊపు పుట్టడానికి. అప్పుడు స్టీరింగ్ తిప్పి సరిచేయబోతే డ్రైవర్ తిప్పడానికీ ట్రైలర్ ఊగడానికీ లయ కలిసి ఇంకా పెరుగుతుంది. యాక్సిలరేటర్ వదిలి స్టీరింగ్‌ను తిన్నగా పట్టుకుంటే వేగం తగ్గి చల్లారుతుంది.

ముక్కు బరువు ఎంత ఉండాలన్న దానిపై ప్రపంచంలో రెండు అభిప్రాయాలున్నాయి. బ్రిటన్‌లో ట్రైలర్ బరువులో ఐదు నుంచి ఏడు శాతం అంటారు, ఆస్ట్రేలియాలో సుమారు పది శాతం, అమెరికాలో పది నుంచి పదిహేను. యూరప్ కార్లు చిన్నవి, వెనుక ఇరుసు మీద ఎక్కువ మోయలేవు, అక్కడ కారవాన్ లాగేటప్పుడు వేగంపై హద్దులూ ఉన్నాయి. అమెరికా, ఆస్ట్రేలియాల్లో బండ్లు పెద్దవి, దూరాలు ఎక్కువ. ఎవరి లెక్క వారి బండ్లకు సరిపోయింది. పొట్టి జీపుకు ఇది ఇరకాటమే, ఎందుకంటే స్థిరత్వానికి ఎక్కువ ముక్కు బరువు కావాలి, కానీ వెనుక స్ప్రింగు పట్టీలు తక్కువనే కోరుకుంటాయి.

సామాను సర్దడంతో ఇది ఎంత మారుతుందో చూద్దాం. కొండి నుంచి ఇరుసు మూడు మీటర్ల దూరం. ఇరుసుకు ఒకటిన్నర మీటరు వెనుక 40 లీటర్ల నీళ్ల ట్యాంకు నింపితే ముక్కు బరువు 20 కిలోలు తగ్గుతుంది. ఇరుసుకు రెండు మీటర్ల ముందు 30 కిలోల బియ్యం, గిన్నెలు పెడితే మళ్లీ 20 కిలోలు పెరుగుతుంది. ట్రైలర్ మొత్తం బరువు రెండుసార్లూ పెరిగింది, ముక్కు మాత్రం మొదటికే వచ్చింది.

కొండి వెనుక ఇరుసుకు ఎంత దూరంగా వెనక్కు పొడుచుకు వస్తే జీపు అంతగా తక్కెడలా మారుతుంది. తొలితరం థార్‌లో ముందు, వెనుక ఇరుసుల మధ్య 2,430 మిల్లీమీటర్లు, జిప్సీలో 2,375, బొలెరోలో 2,680. ఇరుసుల మధ్య 2,400 ఉండి, కొండి 900 వెనుక ఉంటే, 70 కిలోల ముక్కు బరువు ముందు చక్రాల మీది నుంచి 26 కిలోలు ఎత్తేసి, వెనుక 96 కిలోలు మోపుతుంది. స్టీరింగ్ తేలికైనట్టు అనిపించేది అందుకే. కొండి పొడవు తగ్గిస్తే ఈ లెక్క మెరుగవుతుంది. బొలెరో ఈ విషయంలో థార్ కన్నా నయం, ఫోర్ వీల్ డ్రైవ్ లేకపోయినా.

వయసు తీసేసుకునే బలం

పాత జీపును మెచ్చుకునేవారి వాదనలో పస ఉంది. నిచ్చెనలాంటి ఛాసిస్, పట్టీల స్ప్రింగులు, కంప్యూటర్ అక్కర్లేని ఇంజన్, ఏ మండల కేంద్రంలోనైనా దొరికే మెకానిక్: లాగే బండికి ఇవన్నీ మంచి లక్షణాలే. కొత్త బండ్ల పక్షం వహించేవారు డిస్క్ బ్రేకులు, ఏబీఎస్, ఊపును పసిగట్టి చక్రాలకు విడివిడిగా బ్రేకు వేసే వ్యవస్థలను చూపిస్తారు. ఇద్దరి మాటా నిజమే. మొదటివారు జీపు తయారైన రోజు బలం గురించి, రెండోవారు ప్రమాదం ఎదురైన క్షణం గురించి మాట్లాడుతున్నారు. మధ్యలో గడిచిన పాతికేళ్ల సంగతి ఇద్దరూ అంతగా పట్టించుకోరు.

వెల్డింగ్ షాపులో జీపు కిందికి దూరి వెనుక అడ్డపట్టీని, అంటే కొండి బిగించబోయే ఇనుమును, చిన్న సుత్తితో కొట్టి చూస్తే ఆ సంగతి వినబడుతుంది. గట్టి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్నది మొద్దుగా పలికి, లోపలి నుంచి గోధుమ రంగు పెచ్చులు రాలుతాయి. ఆ పట్టీకి మందపాటి ప్లేటు అతికించి వెల్డు చేస్తే చూడటానికి బలంగా ఉంటుంది. బరువు మాత్రం ప్లేటు అంచున సన్నబడిన పాత ఇనుము మీదే పడుతుంది, పగులు అక్కడే పుడుతుంది. టైరు పక్క గోడ మీద నాలుగంకెల ముద్ర కూడా ఇలాంటి సాక్ష్యమే: 2319 అని ఉంటే అది 2019లో ఇరవైమూడవ వారంలో తయారైంది. జాతరకు తప్ప కదలని ట్రైలర్ టైరు అరగకుండానే ముసలిదవుతుంది. టో బాల్ విషయంలోనూ చిన్న తేడా ఉంది. యూరప్, ఆస్ట్రేలియా కొలత 50 మిల్లీమీటర్లు, అమెరికాది రెండు అంగుళాలు, అంటే 50.8; కంటికి ఒకటే, దాని మీద కూర్చునే ట్రైలర్ కప్పుకు కాదు.

చట్టం ట్రైలర్‌ను ఎలా చూస్తుంది

1988 మోటారు వాహనాల చట్టం మోటారు వాహనం అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే ట్రైలర్‌ను కలిపింది. ఇంజన్ లేదు కదా, దీనికి నంబరెందుకు అన్న వాదనకు అక్కడే తెర పడుతుంది. రిజిస్ట్రేషన్ లేని ట్రైలర్ రోడ్డు మీదికి రాకూడదు. చెడిపోయిన బండిని మెకానిక్ దాకా తాడుతో లాగడం వేరే విషయం, దానికి వేరే నియమాలున్నాయి. బరువును బట్టి 750 కిలోల లోపు ట్రైలర్లు టి1 వర్గం, అక్కడి నుంచి 3,500 కిలోల వరకు టి2 వర్గం.

వివాదం ఉన్నది కొండి దగ్గర. బోల్టులతో బిగించి, విప్పేయగలిగిన కొండి అదనపు సామాను మాత్రమేనని కొందరంటారు. చట్టంలోని 52వ సెక్షన్, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడానికి వీల్లేదంటోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగానే సమర్థించింది. ఛాసిస్‌ను కోసి, వెల్డు చేసి పెట్టిన కొండి ఈ రెండో వైపుకే ఎక్కువగా జారుతుంది. ప్రైవేటు బండి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు ముగిసి, తనిఖీ తరువాత ఐదేళ్ల చొప్పున పొడిగింపు పొందుతుంది కాబట్టి, పాత జీపు విషయంలో ఈ ప్రశ్న అధికారి ముందు ఎలాగూ ఒక రోజు వస్తుంది. బీమా పాలసీలో ట్రైలర్‌ను విడిగా రాయించకపోతే జీపు పాలసీ దానికి వర్తిస్తుందని అనుకోవడానికి ఆధారం ఉండదు.

ధర్మకాంట మీద మూడు చీటీలు

ఇంతవరకు అనుకున్న అంకెలను ఏనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చి బండ్లను తూచే ధర్మకాంట లాంటిదే నిజం చేస్తుంది. మనుషులతో, సామానుతో జీపును ఒక్కదాన్నే ఎక్కిస్తే మొదటి చీటీ: 1,730. ట్రైలర్ తగిలించి, జీపు చక్రాలు మాత్రమే కాంట మీద ఉండేలా నిలబెడితే రెండవది: 1,760. రెండూ పూర్తిగా ఎక్కితే మూడవది: 2,460.

మూడవదాన్నుంచి మొదటిది తీసేస్తే ట్రైలర్ 730 కిలోలు, బ్రేకులు లేని ట్రైలర్‌కు అనుకున్న 700 దాటింది. రెండవదాన్నుంచి మొదటిది తీసేస్తే ముక్కు బరువు 30 కిలోలు, నాలుగు శాతం మాత్రమే. వెనుకనున్న 40 లీటర్ల నీళ్లను వదిలేస్తే ట్రైలర్ 690కి దిగుతుంది, ముక్కు 50కి పెరుగుతుంది, ఏడు శాతం దాటుతుంది. హనుమకొండ నుంచి మేడారం సుమారు వంద కిలోమీటర్లు. దారిలో గట్టమ్మ గుడి దగ్గర ఎలాగూ ఆగుతారు, ఆ తరువాత పస్రా ఉంది, ట్యాంకు అక్కడ నింపుకున్నా సరిపోతుంది.